స్వంత కోరికపై

ఆ ఉదయం నల్లతెర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, ఒక్క ఆజ్ఞ టైపు చేయాలి, ఎంటర్ నొక్కాలి, మధ్యాహ్నం బస్సెక్కి భార్యాబిడ్డలున్న ఊరికి శాశ్వతంగా వెళ్ళిపోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని అతను అనుకున్నాడు. ఎంటర్ మీట ఎంత చిన్నదో, అది నొక్కాక జరిగేది ఎంత పెద్దదో అతనికి తెలియంది కాదు, రోజూ చేసే పనే. కానీ మనిషి సంతోషంగా ఉన్నప్పుడు తెలిసిన సంగతులు కూడా సమయానికి గుర్తుకు రావు.

నల్లతెర అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. అందరూ రంగురంగుల కిటికీలు తెరుచుకుని మౌస్‌తో పని చేసుకుంటుంటే, ఆఫీసు కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసే ఇతనొక్కడే నల్లటి తెర ముందు కూర్చుని తెల్లటి అక్షరాలు టైపు చేస్తుంటాడు. ఆ తెరను టెర్మినల్ అంటారు. దాని వెనక ఉండి, రాసిన మాట చదివి పని చేసిపెట్టేదాన్ని షెల్ అంటారు. అందులో బొమ్మలుండవు, బటన్లుండవు. నిజంగానే చెయ్యమంటారా అని ఒకసారి అడిగే మర్యాద అంతకన్నా లేదు. రాసింది రాసినట్టు చేసేసి, తర్వాతి ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపుకు గుర్తుగా వరుస మొదట్లో మామూలుగా ఒక డాలరు గుర్తు ఉంటుంది. నల్లతెర దగ్గర మాత్రం గత సోమవారం నుంచి ఆ చోట గులాబీరంగులో ఒక పిల్లిబొమ్మ ఉంటోంది. అది ఆదివారం ఫోనులో ఆ తెర ఫొటో చూసిన కూతురి కోరిక. "నాన్నా, అంత నల్లగా ఉంటే నీకు భయం వెయ్యదా?" అని అడిగి, తోడుగా పిల్లిని పెట్టించింది.

ఆ పిల్ల తండ్రిని చూసేదే ఆదివారాల్లో. భార్య ఇదే సంస్థలో, వేరే ఊరి శాఖలో అకౌంటెంటు. పెళ్ళయిన కొత్తలో, ఏడాది తిరిగేలోగా ఇద్దర్నీ ఒకచోట వేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. బిడ్డ పుట్టింది, పళ్ళొచ్చాయి, ఆ పళ్ళు ఊడడం కూడా మొదలైంది. పైవాళ్ళు చెప్పిన ఏడాది మాత్రం తిరగలేదు. ఒకసారి కూతురు తన స్నేహితురాలికి అతన్ని "మా ఆదివారం నాన్న" అని పరిచయం చేసింది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాడు.

ఈ ఏడాది ఎట్టకేలకు అతని బదిలీ అర్జీ మంజూరైంది. ఆ సంగతి సిబ్బంది విభాగం మేడమ్ స్వయంగా వచ్చి చెప్పింది. నల్లతెర వెంటనే అద్దెగది వదిలేశాడు. ఆ ఉదయం అతను పరుపు చుట్టుకుంటుండగానే కొత్తగా దిగేవాళ్ళు మంచం మోసుకొచ్చి, కాస్త జరగమన్నారు. సూట్‌కేసు, పరుపుచుట్ట, కుక్కరు, బకెట్టు, బకెట్లో మగ్గు ఇప్పుడు ఆఫీసులో అతని బల్ల కింద ఉన్నాయి. కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేక బకెట్టు మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

బదిలీ ఉత్తర్వులను కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా అతనిదే. ఆ ప్రోగ్రాం పాతకాలంది. మనిషికో వరుస చొప్పున నంబరు, శాఖ, కారణం రాసి ఎంటర్ నొక్కితే చాలు, ఉద్యోగికి, రెండు శాఖలకు, పైఆఫీసుకు ఆ క్షణంలోనే ఉత్తర్వు వెళ్ళిపోతుంది. బదిలీ అయితే ఉద్యోగి ఇంట్లోవాళ్ళ ఫోనుకు కూడా ఒక ప్రతి వెళ్తుంది, రద్దయితే వెళ్ళదు. శుభవార్త ఇంటికి కూడా తెలియాలని ఎవరో దయగల అధికారి పెట్టిన ఏర్పాటు అది. ఆ అధికారి జీవితాంతం పెళ్ళి చేసుకోలేదని చెప్పుకుంటారు.

ఈ పని చేసేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. ఏ ఆజ్ఞనూ కొత్తగా రాయరు. పైబాణం మీట నొక్కుతూ పోతే ఇంతకుముందు రాసిన ఆజ్ఞలు ఒక్కొక్కటే మళ్ళీ లేచి వస్తాయి. కావలసింది దొరకగానే ఆగి, అందులో రెండు ముక్కలు మార్చి పని కానిచ్చేస్తారు. పాత చొక్కాకు కొత్త గుండీ కుట్టుకుని పెళ్ళికి పోవడం లాంటిది. నల్లతెర కూడా చాలాసేపు పైబాణం నొక్కి, కిందటేడు బదిలీల ఆజ్ఞను లేపాడు.

అందులో రెండు వరుసలున్నాయి. మొదటి వరుసలో పదిహేడో నంబరు ఉద్యోగి 'కుటుంబ కారణాలపై' సరిగ్గా నల్లతెర భార్య ఉన్న ఊరికే వెళ్ళాడు. తన తర్వాత చేరి తనకన్నా ముందు వెళ్ళిపోతున్న ఆ మనిషి ఉత్తర్వును నల్లతెర తన చేత్తోనే టైపు చేయాల్సి వచ్చింది. ఆ రోజు మీటల్ని కాస్త గట్టిగానే కొట్టాడు. రెండో వరుసలో ఒకటో నంబరు 'స్వంత కోరికపై' కొండ మీది శాఖకు వెళ్ళారు. ఒకటో నంబరు మేనేజర్ కుర్చీది. అందులో ఎవరు కూర్చుంటే వాళ్ళది. కిందటేటి మేనేజర్ పైఆఫీసుతో గొడవ పెట్టుకున్నారు. మర్నాడే ఆయనకు కొండ మీద ఉండాలన్న కోరిక కలిగింది.

అక్కడికి నిజంగా కోరుకుని పోయినవాళ్ళు ఇంతవరకు లేరు. పంపేవాళ్ళు ఆ మాట రాస్తారు, పోయేవాళ్ళు సంతకం పెడతారు. పొగమంచు తలుపు తోసుకుని ఆఫీసులోకి వచ్చి కూర్చుంటుందని, ఫోను మాట్లాడాలంటే కిటికీ ఎక్కాలని అక్కడి గురించి చెప్పుకుంటారు.

మార్చాల్సింది ఏమంత లేదు. మొదటి వరుసలో పదిహేడులోని ఏడు కొట్టేసి ఒకటి పెడితే పదకొండవుతుంది. పదకొండు నల్లతెర నంబరు. రెండో వరుస మొత్తం చెరిపేస్తే సరి. అతను ఏడు కొట్టేశాడు, ఒకటి పెట్టాడు, రెండో వరుస చెరిపేశాడు. తెర మీద అంతా అద్దంలా ఉంది. పదకొండో నంబరు, భార్య ఉన్న ఊరు, కుటుంబ కారణాలపై. పైకి చదువుకున్నాడు. తనివి తీరక మేడమ్‌ను పిలిచి ఆవిడ చేత కూడా చదివించాడు. సొంత బదిలీ సొంత చేత్తో నొక్కుకునే అదృష్టం ఎవరికొస్తుందని ఆవిడ దీవించి వెళ్ళింది. నల్లతెర ఎంటర్ నొక్కాడు.

జేబులో ఫోను మోగింది. "ఉద్యోగి నంబరు 11. కొండ మీది శాఖకు బదిలీ. కారణం: స్వంత కోరికపై. అభినందనలు."

అతను ఫోను చూశాడు, తెర చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. తెర మీద పదకొండో నంబరు ఇంకా భార్య ఉన్న ఊరికే వెళ్తోంది. రెండిట్లో దేన్ని నమ్మాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అతని వృత్తిలో ఉన్నవాళ్ళంతా చేసే పనే అతనూ చేశాడు. తెరను నమ్మాడు. ఫోనుకే ఏదో అయిందని దాన్ని ఆపి మళ్ళీ పెట్టబోతుండగా భార్య ఫోను చేసింది.

"ఏవండీ, ఉత్తర్వు చూశాను," అంది. గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనానికే అతనికి భయం వేసింది.

"అది నిజం కాదు. నేను టైపు చేసింది అది కాదు."

"మరి ఎవరు చేశారు?"

"నేనే చేశాను."

ఆమె ఉత్తర్వును మళ్ళీ పైకి చదివింది. తర్వాత నెమ్మదిగా, "స్వంత కోరిక అని రాశారు. మాతో ఉండడం ఇష్టం లేకపోతే నాతో ఒక మాట చెప్తే సరిపోయేది. దానికి కొండెక్కడం ఎందుకు?" అంది.

"అది కాదు. పైకి అంతా సరిగ్గానే ఉంది. లోపలే ఏదో తేడా ఉంది."

"మీరూ అంతేగా," అని ఆమె ఫోను పెట్టేసింది.

నల్లతెరకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం రాత్రీ బస్సు కిటికీలోంచి ఆమెకు చెయ్యి ఊపుతూ, వచ్చే ఏడాది ఈ పని ఉండదని చెప్పిన మనిషి అతను. మళ్ళీ ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. ఇంకోసారి చేసేలోగా మేనేజర్ తన గదిలోంచి బయటికి వచ్చారు. ఆయన ఎవరినైనా గదిలోకి పిలుస్తారు తప్ప తాను బయటికి రారు. ఫోనును చెవికి బెత్తెడు దూరంలో పట్టుకుని ఉన్నారు. ఆ దూరంలో కూడా అవతలి గొంతు హాలంతా వినబడుతోంది.

సంగతేమిటంటే, ఒకటో నంబరు ఉద్యోగికి కూడా ఒక ఉత్తర్వు వచ్చింది. ఆయన కుటుంబ కారణాలపై నల్లతెర భార్య ఉన్న ఊరికి బదిలీ అయ్యారు. దాని ప్రతి ఆయన ఇంటికి కూడా చేరింది. కుటుంబమంటూ ఇక్కడ తానూ పిల్లలూ ఉండగా ఆ ఊళ్ళో ఆయనకున్న రెండో కుటుంబం ఏదో ఇప్పుడే తేలాలని మేనేజర్ గారి భార్య పట్టుబట్టింది.

"ఏమయ్యా, ఆ ఊళ్ళో నాకు కుటుంబం ఉందా?" అని మేనేజర్ అడిగారు.

"లేదు సార్."

"ఇందులో చెప్పు," అని ఆయన ఫోను నల్లతెర నోటి దగ్గర పెట్టారు.

నల్లతెర గొంతు సవరించుకుని, సార్‌కు ఆ ఊళ్ళో కుటుంబం లేదండీ, అక్కడున్నది నా కుటుంబం అని నిజాయితీగా చెప్పాడు.  తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయంగానే ఉంది. "అయితే మీ కుటుంబం దగ్గరికి ఆయనెందుకు వెళ్తున్నారు?"  మేనేజర్ మొహం మాడిపోయింది. ఇది నువ్వే మొదలుపెట్టావు, నువ్వే ముగించు, నేను ఇక్కణ్ణుంచి కదలను అని ఆయన నల్లతెర కుర్చీ వెనక నిలబడ్డారు.

వెనక మేనేజర్ నిలబడి ఉండగా బుద్ధి పనిచేసినవాళ్ళను ఇంతవరకు ఎవరూ చూడలేదు. నల్లతెర వేళ్ళు అలవాటు కొద్దీ పైబాణం మీదికే పోయాయి. పొద్దుటి ఆజ్ఞ లేచి వచ్చింది. దానితో పాటు, అతను చెరిపేశానని అనుకున్న రెండో వరుస కూడా చెక్కుచెదరకుండా లేచి వచ్చింది. అప్పుడు అతనికి జరిగింది అర్థమైంది. మొదటి వరుసలో పదిహేడులోని ఏడు నిజంగానే పోయి ఒకటి మిగిలింది. దాని పక్కన పడాల్సిన ఒకటి వరుస తప్పి కిందికి జారి, అక్కడున్న ఒకటి పక్కన చేరి పదకొండైంది. చెరిపేసిన దెబ్బ కూడా ఎక్కడో ఖాళీలో పడి రెండో వరుస అలాగే ఉండిపోయింది. అలా మేనేజర్ నల్లతెర భార్య ఉన్న ఊరికి, నల్లతెర కొండకు వెళ్ళారు. ఎలా జారిందో మాత్రం అర్థం కాలేదు. సంతోషంలో వేలు తప్పి ఉంటుందనుకున్నాడు. వేలినే తిట్టుకుని ఈసారి మరింత జాగ్రత్తగా పనికి దిగాడు.

రెండు వరుసల్లోనూ 'బదిలీ' అన్న మాట కొట్టేసి 'రద్దు' అని రాస్తే చాలు. పై వరుసలో రాశాడు, కింది వరుసలో రాశాడు. తెర మీద రెండు రద్దులూ ముచ్చటగా ఒకదాని కింద ఒకటి కనిపించాయి. మేనేజర్ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని చదివి తలూపారు. నల్లతెర ఎంటర్ నొక్కాడు. మేనేజర్ ఫోను మోగింది. బదిలీ రద్దయిందని చూసి ఆయన ఆ పొద్దుటికి మొదటిసారి నవ్వారు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఫోను మళ్ళీ మోగింది.

పై వరుసలో పని సరిగ్గానే జరిగింది. కింది వరుసలో కొట్టుకుపోయింది 'బదిలీ' కాదు, దాని పక్కనున్న నంబరు. రెండో 'రద్దు' ఎక్కడ పడిందో భగవంతుడికే తెలియాలి. నంబరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే ఆ పాత ప్రోగ్రాం దృష్టిలో ఎవరూ కాదని అర్థం కాదు. అందరూ అని అర్థం.

ముందు పక్కబల్ల మీది ఫోను మోగింది. తర్వాత దాని పక్కది. అక్కణ్ణుంచి వరండాలోకి, మెట్ల మీదికి, కింది అంతస్తులోకి, గేటు దగ్గరి కాపలామనిషి జేబులోకి, క్యాంటీనులో టీ పోసే ఆవిడ కొంగుముడిలోకి ఆ చప్పుడు పాకుతూ పోయింది.  అందరూ ఒకే వాక్యం చదువుతున్నారు. అందరూ స్వంత కోరికపై కొండ మీది శాఖకు బదిలీ అయ్యారు. అందరికీ అభినందనలు అందాయి.

ఆ తర్వాత ఇళ్ళనుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడ తన అత్తగారికి, ఇది తన కోరిక కాదని ఒట్టేసి చెప్తోంది. ఒకాయన కొండ మీద బడి ఉంటుందా ఉండదా అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఫైళ్ళ గదిలో పనిచేసే ఒకాయనకు ఇంటి నుంచి ఫోనే రాలేదు. చాలాసేపు చూసి తానే చేస్తే, చలిబట్టలు సర్దిపెట్టాం, ఏ బస్సుకు వెళ్తారని అడిగారట. ఆయన వెళ్ళి ఒక మూల కూర్చున్నాడు.

నల్లతెర ఫోను కూడా మోగింది. భార్య అనుకుని ఆత్రంగా ఎత్తాడు. గాలి హోరు మధ్య ఎవరిదో గొంతు తెగుతూ వినిపించింది. కొండ మీది శాఖలో ఒంటరిగా ఉంటున్న కిందటేటి మేనేజర్ గారు. కిటికీ ఎక్కి మాట్లాడుతున్నారు.

"ఏమయ్యా, అందరూ వస్తున్నారటగా. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ మీరంతా నన్ను తిట్టుకుంటున్నారనే అనుకున్నాను. ఇలా స్వంత కోరికపై ఒక్కళ్ళు కూడా మిగలకుండా వస్తారని..." ఆయన ఆ మాట పూర్తి చేయకుండానే ఏర్పాట్ల సంగతిలోకి దిగారు. గదులు తుడిపించానని, పక్కనున్న బడిలో బెంచీలు అడిగి తెప్పిస్తున్నానని, దుప్పట్లు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని చెప్పారు. ఆ ముసలాయనకు నిజం చెప్పే గుండె నల్లతెరకు లేకపోయింది. అలాగే సార్ అని పెట్టేశాడు. అందరికీ చేసిన ద్రోహం ఒక ఎత్తు, ఆయనకు చేసింది ఒక ఎత్తు అనిపించింది.

మేనేజర్ పైఆఫీసుకు ఫోను చేయడానికి లోపలికి పరుగెత్తారు. మేడమ్ నల్లతెర బల్ల పక్కన కుర్చీ వేసుకుని, ఇక అతను ఎంటర్ జోలికి పోకుండా కాపలా కూర్చుంది. వేలు తప్పడం ఒకసారి జరగొచ్చు, రెండుసార్లు జరగదని నల్లతెరకు అప్పుడు తట్టింది. ఎంటర్ నొక్కనని ఆవిడకు మాటిచ్చి ఒక చిన్న పరీక్ష చేశాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలతో వరుసలు నింపి, వెనక్కి వెళ్ళి ఐదును కొట్టేశాడు. తెర మీద ఐదు పోయింది. అప్పుడు తెరంతా తుడిపించి, షెల్ లోపల నిజంగా ఏముందో మళ్ళీ చూపించమన్నాడు. ఐదు నిక్షేపంగా ఉంది, ఆరు లేదు. కనబడేది ఒకటి, ఉన్నది ఇంకొకటి. వరుస మొదట్లో గులాబీరంగు పిల్లి అమాయకంగా కూర్చుని ఉంది. అతను పిల్లిని తీసేసి మళ్ళీ చేశాడు. ఐదే పోయింది.

పిల్లిబొమ్మ తెర మీద రెండు గళ్ళు, అంటే రెండక్షరాల చోటు, తీసుకుంటుంది. షెల్ దానికి ఒక్క గడి లెక్కపెడుతుంది. పైగా గులాబీరంగు కోసం రాసిన కనబడని గుర్తులను కూడా అక్షరాలే అనుకుంటుంది. ఆజ్ఞ చిన్నదైతే ఏమీ తెలియదు. వరుస దాటి రెండో వరుసలోకి వెళ్ళి వెనక్కి వచ్చి మార్చినప్పుడు లెక్క తప్పుతుంది. తెర ఒక చోట చూపిస్తుంది, దెబ్బ ఇంకో చోట పడుతుంది. నల్లతెర తల పట్టుకున్నాడు. పిల్లను ఏమనగలడు, పిల్లిని ఏమనగలడు.

భార్యకు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి ఎత్తింది. అతను గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాడు. రెండు గళ్ళ సంగతి, జారిపోయిన ఒకటి సంగతి, బల్ల కింద బకెట్టు సంగతి. ఆమె చాలాసేపు విని, "పాప పెట్టిన పిల్లేనా?" అని అడిగింది. అదే అన్నాడు. ఆమె నవ్విందో ఏడ్చిందో ఫోనులో సరిగ్గా తెలియలేదు. "పొద్దున అలా అన్నందుకు ఏమీ అనుకోకండి. కొండ ఉత్తర్వు వస్తే ఇక వెనక్కి పోదని మా మేనేజర్ గారు చెప్పారు. మీరు మాత్రం ఇంకేదీ ముట్టుకోకండి. నేను చూసుకుంటాను," అంది. చూసుకుంటానని చెప్పే మనిషి ఒకరున్నందుకు నల్లతెరకు గుండె నిండిపోయింది. ఏం చూసుకుంటావని అడగాలని మాత్రం తోచలేదు.

లోపల మేనేజర్ పైఆఫీసుతో మాట్లాడుతున్నారు. నల్లతెరను పిలిపించి, కారణం ఒక్క ముక్కలో చెప్పమన్నారు.

"పిల్లి సార్."

"చూడు, ఇలాంటప్పుడు పిల్లి మీదా ఎలక మీదా పెట్టి మాట్లాడకు. నన్ను అనాలనుంటే నేరుగా అను."

"నిజంగానే పిల్లి సార్. అది రెండు గళ్ళు తీసుకుంటుంది. షెల్ ఒకటే ఇస్తుంది."

మేనేజర్ ఆ మాటనే కళ్ళు మూసుకుని ఫోనులో పైవాళ్ళకు చెప్పారు. అవతలి నుంచి, ఆఫీసులోకి పిల్లి ఎలా వచ్చిందని ప్రశ్న వచ్చింది. కూతురు పెట్టిందట అని ఈయన అన్నారు. ఎవరి కూతురని వాళ్ళు అడిగారు. మేనేజర్‌కు ఆ రోజు కుటుంబాల గురించి ఇంకో ప్రశ్న వినే ఓపిక లేదు. తప్పంతా తమదే, ఏం చేయమంటారో సెలవివ్వండని బతిమాలుకున్నారు.

పైవాళ్ళు సెలవిచ్చారు. ఈ ఆఫీసు నుంచి ఈ రోజు వెళ్ళిన ఉత్తర్వులన్నీ రద్దు. ఈ ఏడాదికి ఈ ఆఫీసులో ఇక బదిలీలు లేవు. ఆ మాట విని హాల్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నల్లతెర మాత్రం మేడమ్ దగ్గరికి వెళ్ళి, తన బదిలీ పొరపాటు కాదని, నిజంగా మంజూరైందేనని గుర్తుచేశాడు. ఆవిడ అతని మొహం చూడలేక గోడ మీది గడియారం చూసింది. "మీరు భార్య దగ్గరికి వెళ్తున్నట్టు ఉత్తర్వు ఎక్కడుంది బాబూ? వెళ్ళింది కొండ ఉత్తర్వేగా. అదీ ఈ రోజుదే," అంది.

రద్దు ఆజ్ఞను కూడా నల్లతెరే టైపు చేయాల్సి వచ్చింది. ఇంకెవరికీ చేతకాదు. ఒక పక్క మేనేజర్, ఇంకో పక్క మేడమ్ నిలబడగా, పిల్లి లేకుండా, పైబాణం ముట్టుకోకుండా, అక్షరం అక్షరం కొత్తగా రాసి ఎంటర్ నొక్కాడు. ఆ రోజు అతను రాసింది రాసినట్టు జరిగిన ఆజ్ఞ అదొక్కటే. ఆఫీసంతా ఫోన్లు మోగాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. ఫైళ్ళ గది ఆయన మాత్రం ఇంటికి ఈ కబురు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాడు. నల్లతెర ఫోనులో ఇలా ఉంది. "ఉద్యోగి నంబరు 11. బదిలీ రద్దు. మీరు ప్రస్తుత శాఖలోనే కొనసాగుతారు. అభినందనలు."

మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. అతను బకెట్టు మీద కాళ్ళు పెట్టుకుని, ఈ సాయంత్రం ఈ పరుపు ఎక్కడ పరుచుకోవాలా అని ఆలోచిస్తున్నాడు. వచ్చే ఏడాదికి ఇంకా ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కపెట్టే ధైర్యం లేదు. అప్పుడు భార్య ఫోను చేసింది. ఆమె గొంతులో అంత ఉత్సాహం విని చాలాకాలమైంది.

"ఏవండీ, పనైపోయింది. నేను కూడా కొండకు అర్జీ పెట్టేశాను. మీ ఉత్తర్వు వెనక్కి పోనప్పుడు మేం ఇక్కడుండి ఏం చేస్తాం? అర్జీ పెట్టిన వెంటనే మంజూరైపోయింది. మా మేనేజర్ గారే నమ్మలేకపోయారు. పాప పెట్టె సర్దుకుంటోంది. మీరు ఇటు రావద్దు, నేరుగా కొండకే వచ్చేయండి."

కొండకు పోతానని ఎవరైనా అర్జీ పెడితే, మనసు మారేలోగా ఉత్తర్వు చేతిలో పెట్టాలని పైవాళ్ళు ఎప్పుడో నిర్ణయించుకున్నారు. దాన్ని ఎవరూ చదవక్కర్లేదు, ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. వెనక్కి తీసుకునే ఏర్పాటు మాత్రం చేయలేదు. పొరపాటున వెళ్ళిన ఉత్తర్వు రద్దవుతుంది గానీ, మనిషి తన చేత్తో సంతకం పెట్టి అడిగింది రద్దు కాదు.

"మాట్లాడరేం?" అని ఆమె అడిగింది.

"నాది రద్దయిపోయింది."

"ఎవరు రద్దు చేశారు?"

"నేనే చేశాను."

 ఆమె వెనకాల కూతురు, నాన్న కొండ మీదికి ఆదివారమే వస్తాడా రోజూ ఉంటాడా అని అడగడం వినబడింది. నల్లతెర ఫోను బల్ల మీద పెట్టేసి, సిబ్బంది విభాగంలోకి నడిచాడు.  మేడమ్ ముందు నిలబడి, బదిలీలు మూసేశారని తెలుసని, అయినా తనను ఎలాగైనా కొండకు పంపించమని చేతులు జోడించాడు.

ఆవిడ ముందు నమ్మలేదు. రెండోసారి చెప్పాక ఆవిడ కళ్ళు మెరిశాయి. ఏ శాఖకు మూసినా కొండకు మాత్రం తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయని, ఏ రోజైనా ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చని చెప్పింది. నల్లతెరకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కారణం అన్న చోట 'స్వంత కోరికపై' అని తన చేత్తో గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు. ఆ మాటను మనస్ఫూర్తిగా రాసినవాడు ఆ సంస్థలో అతనే అయి ఉంటాడు. మేడమ్ అర్జీని కంప్యూటర్లోకి ఎక్కించి, తెర వైపు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆవిడ తెరలో పిల్లులేవీ లేవు.

"కొండ మీద ఉన్నది ఒక్క ఖాళీయే బాబూ," అంది నెమ్మదిగా. "మీ ఆవిడతో నిండిపోయింది."

కొండ మీది శాఖలో ఖాళీ లేదన్న మాట వినడం ఆ సంస్థ చరిత్రలో అదే మొదటిసారి.